రెండో అంచెలో రెండిళ్ళు

ఈ ఏడాది నార్వే ఫుట్‌బాల్ రెండో అంచెలో పదహారు జట్లు ఉన్నాయి. పధ్నాలుగు ఆ దేశపు ఊళ్ళు. పదిహేనోది సామర్లకోటలో మా ఇల్లు. పదహారోది పిట్టగోడకి అవతల ఉన్న మా తోడికోడలు హైమ ఇల్లు.

ఏప్రిల్ మొదటి ఆదివారం లీగు తరఫున హాల్వర్ గారు వస్తారు. పొడుగాటి మనిషి. మన ఎండకి ముక్కు కొస ఎర్రబడి ఉంటుంది. టేపు పెట్టి రెండిళ్ళ గోడల్నీ నేల నుంచి చూరు దాకా కొలిచి, సున్నంతో చెరో గీత గీస్తారు. రెండు గీతలూ ఒకే ఎత్తులో ఉన్నాయి. నేను దూరంగా వెళ్ళి, ఒక కన్ను మూసి మరీ సరిచూసుకుంటాను.

"గెలిచినప్పుడల్లా ఇల్లు ఒక ఇటుక వరస పైకి లేస్తుందండి," అంటారు హాల్వర్ గారు. "ఓడినప్పుడల్లా ఒక వరస దిగుతుంది. సమానమైతే కదలదు." ఆయన తెలుగు రేడియోలో వార్తల్లా ఉంటుంది.

"కార్తీకం నాటికి ఏమవుతుందండీ?"

"ముప్ఫై ఆటలు అయ్యాక పైనున్న రెండూ మొదటి అంచెకి వెళ్ళిపోతాయి. అడుగున ఉన్న రెండూ మూడో అంచెకి పోతాయి."

"మూడో అంచె ఎక్కడండీ?"

ఆయన బూటు కొసతో నేలని మెల్లగా తడతారు. "ఇక్కడేనండి. కింద. అక్కడా మంచివాళ్ళే ఉన్నారు. ఎండ ఉండదు, అంతే."

నేను మా తులసికోట వైపు చూస్తాను. పొద్దున్న ఏడింటికి దాని మీద ఎండ పడుతుంది. నేను ఈ ఇంటికి కాపురానికి వచ్చిన ఇరవై ఆరేళ్ళుగా స్నానం చేసి, ఆ ఎండలో నిలబడి నీళ్ళు పోస్తున్నాను. ఎండ లేని చోట తులసి ఎన్నాళ్ళు బతుకుతుందో నాకు తెలుసు.

జట్టుకి పదకొండు మంది కావాలి. మా ఇంట్లో మా వారు, మా అత్తగారు, నేను. మా వారు గడ్డం గోక్కుంటూ ఆలోచించి అంటారు. "దసరాకి బొట్టు పెట్టినవన్నీ ఇంటి మనుషులే కదండీ?"

హాల్వర్ గారు తన పుస్తకం తిరగేసి, అభ్యంతరం లేదంటారు. అలా ఇనప బీరువా, రుబ్బురోలు, కుట్టుమిషను, సైకిలు, కత్తిపీట, తిరగలి, నీళ్ళ మోటారు, కవ్వం, ఇస్త్రీపెట్టె జట్టులో చేరతాయి. బీరువా, రుబ్బురోలు వెనకాల ఉంటాయి. కవ్వం చురుకైనది కాబట్టి ముందుంటుంది.

"పన్నెండో మనిషిగా ఎవరిని రాయమంటారు?"

"మా ఇంటిదాన్ని రాయండి," అంటారు మా వారు.

"పేరు?"

"ఇల్లాలు అని రాసుకోండి, సరిపోద్ది."

ఆయన ఇల్లాలు అని రాసి, పేరు గడి ఖాళీగా వదిలేస్తారు. నేనేమీ అనుకోను. ఆట రోజున గుడికి వెళ్ళడానికి ఒక మనిషి ఉండాలి కదా.

*

మ్యాచ్ ఉన్న ఆదివారం మా పెరడు నూట అయిదు మీటర్లు అవుతుంది. మిగతా రోజుల్లో నాలుగు చీరలు ఆరేసుకోవడానికి కూడా చాలదు. నేల మీద ప్లాస్టిక్ గడ్డి మొలుస్తుంది. ఆ గడ్డిలో నల్ల రబ్బరు రవ్వ ఉంటుంది. అది ఎలాగో పోపుడబ్బాలోకి చేరి ఆవాల్లో కలిసిపోతుంది. నూనెలో వేస్తే చిటపటమనదు. అప్పుడు గానీ తెలియదు.

బయటి ఊళ్ళో ఆట ఉంటే పెరటి తలుపు తీస్తే చాలు. అవతల రెండు నల్లటి కొండల మధ్యకి దూరిన సముద్రం, ఒడ్డున చిన్న మైదానం, ఎనిమిది వందల మంది జనం. పక్కకి తోసిన మంచు కుప్పలు మాసిన దూదిలా ఉంటాయి. అక్కడి ఆడవాళ్ళు గళ్ళు గళ్ళుగా ఉన్న అట్టు మీద గోధుమరంగు జున్ను ముక్క పెట్టి ఇస్తారు. మర్యాద తెలిసినవాళ్ళు. మా పెరట్లోకి వచ్చినప్పుడు చెప్పులు విప్పమంటే విప్పుతారు.

మా అత్తగారు గోలులో ముక్కాలిపీట వేసుకుని కూర్చుంటారు. ఒళ్ళో చిక్కుడుకాయల చేట. బంతి వస్తే తల తిప్పకుండా ఒక చెయ్యి చాస్తారు. బంతి ఆ చేతిలోకి వచ్చి ఆగుతుంది.

"ఏటే పెద్దదానా, గుడ్లప్పగించి చూత్తన్నావ్? ఈ తొక్కలట్టుకెళ్ళి గేదెకెయ్," అంటారు.

నన్ను ఆవిడ పెద్దదానా అనే పిలుస్తారు. హైమని హైమమ్మా అంటారు.

మొదటి మూడు ఆటల్లో రెండు గెలుస్తాం, ఒకటి సమానం. ఇల్లు రెండు వరసలు లేస్తుంది. వీధరుగు మీద నిలబడితే వెనక వీధిలో గోదాం రేకులు కూడా కనబడతాయి. హైమ వాళ్ళ ఇల్లు కూడా రెండు వరసలు లేస్తుంది. నాకు రావలసిన సంతోషంలో సగమే వస్తుంది.

*

ప్రతి ఆదివారం పొద్దున్నే వీధి చివర రామాలయానికి వెళ్ళి అర్చన చేయిస్తాను. శేషాచార్యులుగారు తులసి దళాలు చేతిలోకి తీసుకుని అడుగుతారు.

"గోత్రం?"

"పైడిపాల."

"ఇంటిపేరు?"

"కొప్పిశెట్టి."

"యజమాని పేరు, అమ్మా?"

నేను తల దించుకుంటాను. మా ఇంటి ఆడవాళ్ళు భర్త పేరు పలకరు. మా అమ్మ పలకలేదు, అత్తగారు పలకలేదు. పలికితే ఆయుష్షు తగ్గుతుందని చిన్నప్పుడు చెప్పారు. నిజమో కాదో నేను పరీక్ష చేసి చూడలేదు. అలాంటివి ఎవరు మాత్రం పరీక్షిస్తారు?

"సరేలెండి, సహకుటుంబానాం," అనేసి ఆయన అర్చన ముగిస్తారు. శఠగోపం నా తల మీద ఉన్నంతసేపూ మా ఇల్లు గెలవాలని మనసులో అనుకుంటాను.

హైమ ఏప్రిల్లో ఒక్కసారే వస్తుంది. ఆసుపత్రి చీటీల క్యూలో పిలిచినట్టు పెద్ద గొంతుతో, "పైడిపాల గోత్రం, కొప్పిశెట్టి సూరిబాబు," అంటుంది. కట్టుకున్నవాడి పేరు. గర్భగుడిలో మారుమోగుతుంది. నాకు చెవులు మూసుకోవాలనిపిస్తుంది.

"అక్కా, స్వామికి చిరునామా చెప్పొద్దా మరి?" అని నవ్వుతుంది మెట్లు దిగుతూ.

ఆ తరవాత మళ్ళీ గుడివైపు రాదు. అయినా వాళ్ళ ఇల్లు లేస్తూనే ఉంటుంది.

మే నెలలో మేం వరసగా అయిదు ఓడిపోతాం. బీరువా బాగానే అడ్డుపడుతుంది. కవ్వం బాగానే పరిగెడుతుంది. కానీ బంతి చివరి క్షణంలో మనసు మార్చుకుంటుంది. మా అత్తగారి చేతి దాకా వచ్చి, చేతిని చూసి, పక్క నుంచి వెళ్ళిపోతుంది. అదే రోజు హైమ వాళ్ళ వాషింగ్ మెషీను నిలబడి నిద్రపోతూ ఉంటే బంతి దాని వీపుకి తగిలి గోలులో పడుతుంది.

గోడ కేలండర్లో తిథి, వారం, నక్షత్రం పక్కన మా స్థానం కూడా అచ్చవుతూ ఉంటుంది. పదకొండు. పన్నెండు. పధ్నాలుగు. కింద హైమ వాళ్ళది. నాలుగు. మూడు.

ఒక ఆదివారం పెరటి తలుపు అవతల ఊళ్ళో జున్ను అట్లు పంచే ముసలావిడ నాకు ఒకటి ఇస్తుంది. హైమకి రెండు ఇస్తుంది. హైమ ఒకటి నాకివ్వబోతుంది.

"వద్దమ్మా, నాకు అరగదు," అంటాను.

ఆ మరుసటి ఆదివారం శఠగోపం తల మీద ఉండగా నా మనసు రెండో కోరిక కూడా అనేస్తుంది. పక్కిల్లు దిగిపోవాలి. నేను అనలేదు. అదే అంది. కానీ మనసు నాదే కదా. ఇంటికి వచ్చి గోవింద నామాలు రెండుసార్లు చదువుకుంటాను. పై ఆదివారం మళ్ళీ అదే అంటుంది. ఆ పై ఆదివారం నుంచి నేనే అంటాను.

*

శ్రావణంలో అత్తగారి వంతు మారుతుంది. ఆర్నెల్లు మా దగ్గర, ఆర్నెల్లు వాళ్ళ దగ్గర. ఇది మా మామగారు పోయిన ఏడు నుంచి ఉన్న ఏర్పాటు. నార్వేలో ఆటగాళ్ళు జట్టు మారే గడువు కూడా అప్పుడే. హాల్వర్ గారు కాగితం తెస్తారు. అత్తగారు వేలిముద్ర వేసి, ట్రంకుపెట్టె, ఆకూవక్కా దంచుకునే చిన్న రోలు పట్టుకుని బయల్దేరతారు.

హైమ వాళ్ళ గడప ఇప్పుడు నా నడుం కన్నా ఎత్తులో ఉంది. "నిచ్చెనెయ్యండ్రా," అంటారు అత్తగారు. సూరిబాబు నిచ్చెన వేస్తాడు. డెబ్భై నాలుగేళ్ళ మనిషి చీర కుచ్చెళ్ళు దోపుకుని టకటకా ఎక్కేస్తుంది. మా ఇంట్లో మూడు మెట్లకి కూడా నా భుజం పట్టుకునేది.

పై మెట్టు మీద ఆగి వెనక్కి చూస్తారు. "చిక్కుళ్ళు ముదిరిపోతన్నాయి, కోసెయ్యి," అంటారు నాతో. అంతే.

ఆ రోజు నుంచి మా గోలులో ముక్కాలిపీట ఒక్కటే ఉంటుంది. అది చేతనైనంత చేస్తుంది.

ఇల్లు దిగుతూ ఉంటుంది. భాద్రపదంలో కిటికీ లోంచి చూస్తే వీధిలో వాళ్ళ మోకాళ్ళు కనబడతాయి. ఆశ్వయుజంలో పాదాలు. మా పాలవాడు వంగి, కిటికీ ఊచల మధ్య నుంచి గిన్నెలో పాలు పోస్తాడు. తులసికోట మీద ఎండ ఏడింటికి కాదు, తొమ్మిదింటికి పడుతుంది. తరవాత పదకొండింటికి, అదీ అరచెయ్యంత. నేను ఆ అరచెయ్యంత ఎండలో నిలబడి నీళ్ళు పోస్తాను. నా మీద పడితే దాని మీద పడదు. అందుకని పక్కకి జరిగి, చెయ్యి మాత్రం చాపుతాను.

"ఏమండీ, మనమేం తప్పు చేశాం?" అని అడుగుతాను మా వారిని.

ఆయన మడమకి కొబ్బరినూనె రాసుకుంటూ ఉంటారు. "తప్పేముందే. ఆట."

"మరి వాళ్ళేం ఒప్పు చేశారు?"

"అదీ ఆటే."

ఆయనకి అసూయ లేదు. తమ్ముడు గెలిస్తే చప్పట్లు కొడతారు. ఆ చప్పట్లు వింటే నాకు ఇంకో వరస దిగినట్టు ఉంటుంది.

పైన హైమ వాళ్ళ కిటికీలోంచి రోట్లో దంచే చప్పుడు వినిపిస్తుంది. మా అత్తగారి నవ్వు కూడా. ఆవిడ మా ఇంట్లో అలా నవ్వగా ఎప్పుడు విన్నాను? లెక్కబెడదామని చూస్తాను. వేళ్ళు ముడుచుకోవు.

*

ఇరవై తొమ్మిది ఆటలు అయ్యాయి. హైమ వాళ్ళు రెండో స్థానంలో ఉన్నారు. మేం పదిహేనులో ఉన్నాం. ముప్ఫయ్యోది, చివరిది, రెండిళ్ళకీ మధ్యే. వాళ్ళకి సమానమైనా చాలు, పైకి వెళ్ళిపోతారు. మేం గెలిస్తేనే నిలుస్తాం.

ఆ కార్తీక ఆదివారం పొద్దున్న ఊళ్ళో మంచు పడుతూ ఉంటుంది. ఆకాశదీపం స్తంభం తెల్లగా ఉంది. శేషాచార్యులుగారు శాలువా కప్పుకుని, శఠగోపం నా తల మీద పెట్టి, తియ్యరు. పెట్టి అలాగే ఉంచుతారు.

"అమ్మా, ఒక మాట. ఇది తల మీద పెట్టినప్పుడు భక్తులు మనసులో అనుకునేవి నాకు వినబడతాయి. పైకి చెప్పకూడదు. కానీ ఇవాళ చివరి ఆట కదా."

"చెప్పండి."

"మీరు ఇన్ని వారాలు పేరు చెప్పలేదు. ఈ లీగు అర్చనల్లో పైడిపాల గోత్రం, కొప్పిశెట్టివారు అంటే పేరు నమోదైంది ఒక్కరిదే. సూరిబాబు. పేరులేని అర్చన ఉన్న పేరుకి వెళ్ళిపోతుంది. మనిషి లేకపోతే ఉత్తరం పక్కింట్లో ఇచ్చి వెళ్ళరూ?"

"నా అర్చనలన్నీ..."

"వాళ్ళ ఇల్లు లేచింది మీ వల్లే."

నేను స్తంభాన్ని పట్టుకుంటాను. "స్వామికి నేనెవరో తెలియదా, ఆచార్యులుగారూ?"

"స్వామికి తెలుసమ్మా. లీగుకి తెలియదు."

తరవాత ఆయన గొంతు తగ్గిస్తారు. "రెండో కోరిక కూడా ఆ పేరు మీదే వెళ్ళింది. పక్కిల్లు దిగిపోవాలన్నారు కదా. సూరిబాబు ఇంటికి పక్కిల్లు ఏది?"

"మాదే," అంటాను.

ఆయన శఠగోపం తీసి తీర్థం ఇస్తారు. తీర్థంలో చిన్న మంచుపలుకు తేలుతూ ఉంటుంది.

*

మధ్యాహ్నం రెండింటికి పిట్టగోడ తనంతట తను పక్కకి తప్పుకుంటుంది. రెండు పెరళ్ళూ కలిసి ఒకటే మైదానం. మిగతా పధ్నాలుగు ఊళ్ళ వాళ్ళూ చుట్టూ నిలబడి, చెవి దగ్గర చిన్న రేడియోలు పెట్టుకుని, కళ్ళ ముందున్న ఆటనే వింటూ ఉంటారు.

నేను హాల్వర్ గారి దగ్గరికి వెళ్ళి జరిగింది చెబుతాను. ఆయన ఆశ్చర్యపోరు. పుస్తకం తీస్తారు.

"చివరి విజిల్ లోపల పేరు చెప్పవచ్చండి. మైదానంలో, అందరికీ వినబడేలా. మీవారి పేరు చెబితే ఇన్నాళ్ళ అర్చనలూ ఆ పేరుకి మారతాయి. మీ ఇల్లు దిగినన్ని వరసలూ లేచి, ఆ పైన ఇంకా లేస్తుంది."

"వాళ్ళది?"

"వాళ్ళు ఎక్కినవి వాళ్ళవి కావు కాబట్టి దిగుతాయి. మీరు దిగినవి వాళ్ళవి అవుతాయి కాబట్టి, అవి కూడా దిగుతాయి. ఒక్కసారే." ఆయన పెన్సిల్‌తో లెక్క వేస్తారు. "చూరు కూడా కనబడదండి."

"లోపల ఉన్నవాళ్ళు?"

"ఇంటివాళ్ళు ఇంటితోనే."

నాకు ముందు కలిగింది సంతోషమే. దాచుకోను. హైమ కిటికీ నా పాదాల కింద ఉంటుంది. నేను పైనుంచి వంగి, ఊచల మధ్య నుంచి పాలు పోస్తాను. ఒక గిన్నెకి రెండు గిన్నెలు పోస్తాను, ఆ జున్ను అట్టు రుణం తీరేలా. చాలా బాగుంటుంది అనుకుంటాను. నోట్లో నీళ్ళు ఊరతాయి.

ఆట సాగుతూ ఉంటుంది. ఎవరికీ గోలు పడదు. హైమ తన ఇంటి పక్కన నిచ్చెన కింద నిలబడి ఉంది. చేతిలో ముగ్గు డబ్బా. నేను వెళ్ళి పక్కన నిలబడతాను.

"ముగ్గు డబ్బా ఏంటే?"

"గడప అంత ఎత్తులో ఉంది గదక్కా. రోజూ నిచ్చెనెక్కి ఒంటి చేత్తో ఎయ్యాలి. సగం గాలికి పోద్ది. నువ్వు కింద కూచుని హాయిగా ఏత్తావు. పైనుంచి చూత్తా ఉంటాను. కుళ్ళు పుడద్ది."

"నా మీదా? నీకా?"

"ఎందుకు పుట్టదూ? మీ అత్త రోజూ నన్ను దంపుద్ది. పప్పుచారు పెడితే పెద్దదానిలా లేదంటది. పక్కేత్తే పెద్దది దులిపి ఏత్తదంటది. ఒక ముద్ద తిని పెద్దది, ఒక ముద్ద తిని పెద్దది. నీ పేరు విని విని నా చెవులు తుప్పట్టిపోయినియ్యి."

"అది నా పేరు కాదు," అంటాను.

హైమ నావైపు తిరుగుతుంది. "అవునక్కా. నీ పేరేంటీ?"

ఇరవై రెండేళ్ళుగా పక్కింట్లో ఉన్న మనిషి అడుగుతోంది. నేను చెప్పబోయేలోగా విజిల్ వినబడుతుంది.

హైమ వాళ్ళ ఫ్రిజ్ తన తలుపు తెరిచి బంతిని ఆపింది. తలుపు చెయ్యితో సమానం అని నిబంధన. మాకు పెనాల్టీ. ఇక ఒక నిమిషమే ఉంది. వాళ్ళ గోలులో మా అత్తగారు పీట మీద సర్దుకుని కూర్చుంటారు. ఈసారి ఒళ్ళో చేట లేదు.

హాల్వర్ గారు పుస్తకం తెరిచి నా దగ్గరికి వస్తారు. "ఎవరు తన్నుతారు? ఇంటిపేరుతో సహా మనిషి పేరు చెప్పాలి."

అందరూ రేడియోలు చెవి నుంచి తీస్తారు. మా వారు మైదానం మధ్యలో నడుం మీద చేతులు పెట్టుకుని నిలబడి ఉన్నారు. నేను తన పేరు పలుకుతానేమోనని భయంగా, పలకాలని ఆశగా చూస్తున్నారు. ఆ పేరు నా నాలుక మీదే ఉంది. ఇరవై ఆరేళ్ళుగా అక్కడే ఉంది. ఒక్కసారి అంటే చాలు, తులసి మీద ఏడింటికి ఎండ పడుతుంది.

పైన హైమ కిటికీలో మా అత్తగారి చిన్న రోలు కనబడుతోంది. నిచ్చెన పైన గడప మీద సగం ముగ్గు.

"కొప్పిశెట్టి," అంటాను. గొంతు నాది కాదేమో అన్నంత పెద్దగా వస్తుంది. "కొప్పిశెట్టి మాణిక్యాంబ."

హాల్వర్ గారు పన్నెండో వరసలో ఖాళీ గడి వెతికి రాసుకుంటారు. నేను గుడిలోకి వెళ్ళేటప్పటిలా చెప్పులు విడిచి, చీర కుచ్చెళ్ళు పైకి దోపి, మంచు మీద నడిచి బంతి దగ్గరికి వెళతాను.

"మాణిక్యమా?" అంటారు మా అత్తగారు గోలులోంచి. "నీ పేరు మాణిక్యమటే? ఎంత బాగుందే! ఎప్పుడూ చెప్పలేదేం?"

"మీరు అడగలేదు అత్తయ్యా."

"మరి తన్ను మాణిక్యం. గట్టిగా తన్ను, సిగ్గుపడకు."

తన్నుతాను. బంతి పైకి వెళ్ళి, వీధి చివర గుడి ఆకాశదీపాన్ని ఒకసారి చుట్టి, తాంబూలం అందుకున్నట్టు ఆవిడ పట్టిన కొంగులో పడుతుంది. విజిల్ వినబడుతుంది. సమానం.

"అయ్యో," అంటుంది హైమ. ఎవరి కోసమో తెలియదు.

*

హాల్వర్ గారు టేపు తీసి రెండిళ్ళనీ మళ్ళీ కొలుస్తారు. హైమ వాళ్ళ ఇల్లు మెల్లగా దిగుతుంది. మా ఇల్లు మెల్లగా లేస్తుంది. రెండూ ఏప్రిల్లో గీసిన సున్నం గీతల దగ్గర ఆగుతాయి. నేను ఒక కన్ను మూసి చూస్తాను. సమానమే. హైమ నిచ్చెన అవసరం లేకుండా గడప దగ్గర కూర్చుని మిగతా సగం ముగ్గు వేస్తుంది. తులసికోట మీద, సాయంత్రం కావస్తున్నా, పొద్దున్న ఏడింటి ఎండ పడుతుంది.

"రెండిళ్ళూ రెండో అంచెలోనే ఉంటాయండి," అంటారు హాల్వర్ గారు. "మీరు మీ పేరే చెప్పారు కాబట్టి అర్చనలు ఇప్పుడు ఇంటివి కావు, వాటితో వచ్చిన స్థానాలూ చెల్లవు. మనిషివి. మాణిక్యాంబ గారు లేవాలని కోరినన్ని వరసలు లేస్తారు. దిగాలని కోరినన్ని వరసలు దిగుతారు. ఒకరు పైకి, ఒకరు కిందికి. ఇద్దరూ మీరే."

"ఏది ముందండీ?" అని అడుగుతాను.

"రెండూ ఒకసారే. సీజను అయిపోయింది కదా."

నా పాదాలు మంచులోకి, మంచు కింద మట్టిలోకి దిగుతాయి. తల చూరు దాటి లేస్తుంది. నొప్పి లేదు. చీర ఎటూ చాలదు కాబట్టి హైమ తన చీరలు, నా చీరలు కలిపి ముడివేస్తూ ఉంటుంది. నా నడుం పెరట్లోనే ఉంది. మా వారు దానికి ఒక తాడు కట్టి, రెండో కొస హైమ వాళ్ళ కొబ్బరిచెట్టుకి కట్టి, తడి చొక్కా ఆరేస్తారు. మా అత్తగారు నా నడుముకి ఆనుకుని పీట వేసుకుంటారు. చిక్కుళ్ళు ఒలుస్తూ, "మాణిక్యం, మాణిక్యం," అని ఊరికే అనుకుంటూ ఉంటారు. ఆ మాట కింది నుంచి పైదాకా రావడానికి చాలాసేపు పడుతుంది. వచ్చినప్పుడల్లా బాగుంటుంది.

నా తల మొదటి అంచెలో ఉంది. ఇక్కడ ఎండ నిటారుగా, మెత్తగా ఉంటుంది. పదహారు ఇళ్ళు ఉన్నాయి. నా కళ్ళకి ఎదురుగా ఒక ఇల్లు. దాని తులసికోట పాలరాతిది, మా దానికంటే రెండు వరసలు ఎత్తు. ఒకావిడ వచ్చి వెండి చెంబుతో నీళ్ళు పోస్తుంది. నేను చూస్తూ ఉంటాను. ఎంత వద్దనుకున్నా వరసలు లెక్కబెడతాను. స్వామీ, ఈ కుళ్ళు ఎన్నో అంచెలో పోతుంది?

నా పాదాలు మూడో అంచెలో ఉన్నాయి. అక్కడ చీకటిగా, చల్లగా ఉంటుంది, కానీ మనుషులు ఉన్నారు. ఒకావిడ దీపం పట్టుకుని వస్తుంది. నా రెండు పాదాలకీ గడపకి రాసినట్టు పసుపు రాస్తుంది. బొట్లు పెడుతుంది. ముందు చిన్న ముగ్గు వేస్తుంది. ఆ వేళ్ళు ముగ్గు మీద గట్టిగా నొక్కుకుంటున్నాయి. నేను పైకి ఎంత ఎత్తు ఉన్నానో చూసి, ఓర్వలేక నొక్కుతోంది. నాకు తెలుసు, నేనూ అలాగే వేసేదాన్ని.

తరవాత ఆవిడ లేచి, నా మడమల మధ్య తలుపు తడుతుంది. అక్కడొక తలుపు ఉందని నాకు ఇప్పుడే తెలుస్తుంది.

నా లోపల నుంచి, నేనెప్పుడూ వినని ఒక గొంతు పలుకుతుంది. "ఎవరూ?"

"నేనేనండి," అంటుంది ఆవిడ.

"నేనే అంటే?"

పైన నేను తల తిప్పడం మానేసి, ఊపిరి బిగబట్టి వింటాను. ఆవిడ తల దించుకుని ఉంటుంది. చేతిలో దీపం నిలకడగా వెలుగుతోంది. ఆవిడ నోరు తెరుస్తుంది.